నడిమిలో నిలిచిపోయిన మడక: ఒక క్విక్ కప్లర్ కేసు

పాకాల దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చిన కేసు ఇది. రైతుకు 50 హార్స్‌పవర్ ట్రాక్టరు, దానికి రెండు రెక్కల హైడ్రాలిక్ రివర్సిబుల్ మడక (సాలు చివర ఆయిల్ బలంతో అవతలి పక్కకు తిరిగేది) ఉన్నాయి. ముంగారు వాన పడి నేల పదును మీద ఉంది. వేరుశనగకు దున్నాలని మడక తగిలించి చేలోకి దించారు. మొదటి సాలు బాగానే వచ్చింది. గట్టు దగ్గర మడకను లేపి తిప్పబోతే సగం తిరిగి నిట్టనిలువుగా నిలబడిపోయింది. అవతలి పక్కకు పడదు. లీవరు పట్టుకుంటే ట్రాక్టరు మూలుగుతుంది, వదిలితే ఆగిపోతుంది.

నాకు ఫోన్ రాకముందే ఇంకొకరు వచ్చి చూశారు. పంపు అరిగింది, దించి బాగు చేయాలి, వేలల్లో అవుతుంది అని చెప్పి వెళ్లారు. రైతు బాధ డబ్బు గురించి కాదు. పంపు దించితే బండి షెడ్డులో పడుంటుంది, ఈలోగా పదును ఆరిపోతుంది. "వాన మళ్లీ ఎప్పుడొస్తుందో ఏమో మేస్త్రీ, ఏదో ఒకటి చేసి తిప్పించు" అన్నాడు.

ఈ కేసు రాయడానికి కారణం ఒకటే. ఆయిల్ పైపు కొసన ఉండి దాన్ని ట్రాక్టరుకు తగిలించే కప్లర్ చేసిన తప్పుకు పంపునో సిలిండరునో విప్పడం మన వైపు చాలా జరుగుతోంది. అంతకంటే ముఖ్యం, ఆ కప్లర్ చెడిపోవడానికి ముందు జరిగిన పని మనిషి చెయ్యి తీసేసేంత ప్రమాదమైనది.

మడక ఎట్లా తిరుగుతుంది

కొన్ని రివర్సిబుల్ మడకలకు ఆటోమేటిక్ వాల్వు ఉంటుంది, లీవరు ఒకసారి నొక్కితే మొత్తం అదే తిరుగుతుంది. ఈ మడకకు అది లేదు. డ్రైవరు లీవరును ముందు ఒక పక్కకు నెడితే సిలిండరు ముడుచుకుని మడకను నిలువుగా నడిమికి తెస్తుంది. అక్కడ లీవరును రెండో పక్కకు మార్చితే సిలిండరు చాచుకుని మడకను అవతలికి తోస్తుంది. సిలిండరుకు రెండు పైపులు. ఒకటి పిస్టన్ వెనక వైపుకు పోతుంది, అందులో ఆయిల్ ఎక్కితే సిలిండరు చాచుకుంటుంది. రెండోది రాడ్డు వైపుకు, అందులో ఎక్కితే ముడుచుకుంటుంది. ఒక పైపులో ఆయిల్ పోతుంటే రెండో పైపులో నుంచి తిరిగి ట్రాక్టరుకు రావాలి.

అంటే ఈ మడక నడిమి దాకా వచ్చిందంటే ముడుచుకునే పని సరిగ్గా జరిగింది, చాచుకునే పని జరగలేదు. పంపు నిజంగా అరిగి ఉంటే రెండు పనులూ మందగించాలి. పైగా ఈ బండిలో లిఫ్టుకూ వెనక కప్లర్లకూ పంపు ఒకటే. మూడు నాలుగు క్వింటాళ్ల మడకను లిఫ్టు ఆగకుండా లేపి పట్టుకుంటోంది. అది చూసిన తర్వాత పంపు మీద నాకు అనుమానం పోయింది. అయినా నోటి మాటతో వదిలేయలేదు. ఇంతకుముందు చెప్పినవాళ్లూ నోటి మాటే చెప్పారు కదా.

పరీక్ష

నా దగ్గర 250 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత) గేజికి మేల్ కప్లర్ (పైపు కొసన ఉండి లోపలికి దూరేది; ట్రాక్టరు వైపు దాన్ని పట్టుకునేది ఫీమేల్) బిగించి ఉంచిన ముక్క ఒకటి ఉంది. ఇంజిన్ ఆపి, పైపులు రెండూ తీసి, ట్రాక్టరు ఒక పోర్టులో గేజి దూర్చాను. ఇంజిన్ వేసి లీవరు నొక్కితే ముల్లు వెంటనే 180కి వెళ్లి నిలబడింది, ప్రెషర్ హద్దు దాటకుండా ఆయిల్‌ను వదిలే రిలీఫ్ వాల్వు చప్పుడు వినిపించింది. రెండో పోర్టులోనూ అంతే. పంపు, రిలీఫ్ వాల్వు, లీవరు కింది స్పూల్ వాల్వు, ట్రాక్టరు వైపు ఫీమేల్ కప్లర్లు అన్నీ ప్రెషర్ ఇస్తున్నాయి. అక్కడికి పంపు సంగతి అయిపోయింది. రైతు ముఖంలో కొంచెం వెలుగు వచ్చింది.

తర్వాత పైపులు తారుమారు చేశాను. ఒకటో పోర్టు పైపును రెండో పోర్టులో, రెండో దాన్ని ఒకటో పోర్టులో పెట్టి చూడటం. ఖర్చులేని పరీక్ష ఇది, పనిముట్లు కూడా అక్కర్లేదు. తప్పు ట్రాక్టరులో ఉంటే రోగం పోర్టు దగ్గరే ఉండిపోతుంది, అంటే ఇప్పుడు మడక చాచుకుంటుంది కానీ ముడుచుకోదు. తప్పు మడక వైపు ఉంటే రోగం పైపు వెంట వస్తుంది. మార్చి చూస్తే లీవరు దిశ మారింది గానీ మడక మళ్లీ నడిమికే వచ్చి ఆగింది. తప్పు మడక వైపుదే, అందులోనూ చాచుకునే పైపు దారిలోదే.

ఇక్కడ డ్రైవరు ఒక సలహా ఇచ్చాడు. "ఒక పైపు విప్పేసి, ఇంకో దానితో నొక్కి చూద్దామాన్నా?" అని. నేను గట్టిగా ఆపాను. ఎందుకు ఆపానో ఇక్కడ వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది చాలామందికి తట్టే ఆలోచనే. రాడ్డు వైపు పైపు విప్పితే దాని కొసన కప్లర్ మూసుకుంటుంది, లోపలి ఆయిల్ బయటికి పోయే దారి ఉండదు. అప్పుడు వెనక వైపు ప్రెషర్ ఇస్తే పిస్టన్ కదలదు, ఆ బలమంతా రాడ్డు వైపు ఆయిల్ మీద పడుతుంది. రాడ్డు మందం పోగా ఆ వైపు వైశాల్యం తక్కువ కాబట్టి ప్రెషర్ పెరుగుతుంది. 80 మిల్లీమీటర్ల బోరు, 40 మిల్లీమీటర్ల రాడ్డు ఉన్న సిలిండరు తీసుకోండి. వెనక వైపు 50 చదరపు సెంటీమీటర్లు, రాడ్డు వైపు సుమారు 38. వెనక 180 బార్ ఇస్తే ముందు వైపు 240 బార్ అవుతుంది. రాడ్డు ఇంకా లావైతే ఇంకా పెరుగుతుంది. ట్రాక్టరు రిలీఫ్ వాల్వుకు ఈ సంగతి తెలియదు, అది చూసేది తన వైపు 180నే. పాత పైపు అక్కడే పగులుతుంది. పక్కన మనిషి నిలబడి ఉంటాడు.

మిగిలిన అనుమానాలు మూడు: పైపు, పైపు కొసన మేల్ కప్లర్, సిలిండరు. పాత పైపుల్లో లోపలి రబ్బరు పొర ఊడి నాలుకలా అడ్డుపడి ఆయిల్‌ను ఒక వైపు పోనిచ్చి ఇంకో వైపు ఆపడం ఉంది, పైకి చూస్తే పైపు కొత్తగానే కనిపిస్తుంది. కానీ మార్చడానికి సులువైనది మొదట చూడాలి. కప్లర్ చేతికి అందేది. సంచిలోంచి మంచి మేల్ కప్లర్ తీసి బిగించి నొక్కాను. మడక నడిమికి వచ్చి, ఆగకుండా అవతలికి పడింది.

విప్పి చూస్తే

తీసిన మేల్ కప్లర్‌ను గుడ్డతో తుడిచి వెలుతురులో పెట్టి చూశాం. దాని మూతి మధ్యలో స్ప్రింగుతో బయటికి వచ్చే చిన్న వాల్వు ఉంటుంది, పాపెట్ అంటారు. దాని కొస నున్నగా ఉండాలి. ఇది చదునుగా నలిగి, అంచులు బయటికి లేచి, మీద మేకు కొట్టిన గుండ్రటి గుంటలు మెరుస్తున్నాయి. సీటు దగ్గరి రబ్బరు ఒక చోట తెగింది. స్క్రూడ్రైవర్ పిడితో పాపెట్‌ను లోపలికి నొక్కితే, కొత్త దానిలో ఒక హద్దు దగ్గర ఆగే చోట ఇది ఇంకా లోతుకు జారిపోయింది. లోపలి సర్‌క్లిప్ తీసి చూస్తే పాపెట్‌ను పట్టి నిలిపే మూడు కాళ్ల గైడులో రెండు కాళ్లు విరిగి ఉన్నాయి.

ఆ రెండు విరిగిన కాళ్లే కేసంతా. కప్లర్ కలిసినప్పుడు మేల్ పాపెట్, ఫీమేల్ పాపెట్ కొసలు ఒకదాన్నొకటి తోసుకుని రెండూ తెరుచుకుంటాయి. ఆయిల్ ట్రాక్టరు నుంచి మడకకు పోయేటప్పుడు ఆ ప్రవాహం ఫీమేల్ పాపెట్‌ను మూసే వైపుకు నెడుతుంది. దాన్ని మూసుకోనివ్వకుండా అడ్డుపడేది మేల్ పాపెట్, అది తన గైడు మీద ఆనుకుని నిలబడాలి. ఇక్కడ గైడు విరిగింది కాబట్టి మేల్ పాపెట్ వెనక్కి పోయింది, ఫీమేల్ పాపెట్ మూసుకుంది, దారి బందయింది. అదే పైపులో ఆయిల్ తిరిగి వచ్చేటప్పుడు మేల్ పాపెట్ ముందుకు వచ్చి ఫీమేల్ దాన్ని తోస్తుంది, అక్కడి గైడు బాగానే ఉంది కాబట్టి దారి తెరుచుకునే ఉంటుంది. అందుకే ముడుచుకోవడం జరిగింది, చాచుకోవడం జరగలేదు. బయటి నుంచి చూస్తే కప్లర్ నిండా దూరి, టక్కుమని పట్టుకుని, లాగితే రాకుండా ఉంది. కలిసినట్టు కనిపించే కప్లర్ లోపల తెరుచుకోకుండా ఉండొచ్చని డ్రైవరుకు ఆ విరిగిన ముక్క చేతిలో పెట్టి చూపించాను.

"కొట్టినావా తమ్ముడూ?" అని అడిగాను.

"దూరలేదునా. ఎంత తోసినా దూరలేదు. మేకు పెట్టి సుత్తితో తట్టినా. సర్రుమని ఆయిల్ చిమ్మింది, చొక్కా అంతా పడింది. తర్వాత సులువుగా దూరిపోయింది."

నేను కప్లర్ పక్కన పెట్టి ముందు ఆ పిల్లవాడి రెండు చేతులూ తిప్పి తిప్పి చూశాను. వేళ్లు, అరచేయి, మణికట్టు. సూది గుచ్చినంత గుర్తు కూడా లేదు. అదృష్టం.

ప్రెషర్‌లో ఉన్న ఆయిల్ సన్నటి సందులోంచి చిమ్మితే చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి కనిపించేది చిన్న చుక్క. మొదట్లో నొప్పి పెద్దగా ఉండదు, అదే మోసం. లోపల ఆయిల్ కండరాల మధ్య పాకి కణాలను చంపుతూ పోతుంది. కొన్ని గంటలు ఆలస్యమైతే వేలు, ఇంకా ఆలస్యమైతే చెయ్యి తీసేయాల్సి రావచ్చు. ఊళ్లో ఇంజక్షన్ వేయించుకుని పడుకునే గాయం కాదిది. వెంటనే ఆపరేషన్ చేసి శుభ్రం చేయగల పెద్దాసుపత్రికి పోవాలి, మన వైపైతే తిరుపతిలోని రుయా, స్విమ్స్ లాంటివి. అక్కడ డాక్టరుకు "ప్రెషర్‌లో ఉన్న హైడ్రాలిక్ ఆయిల్ లోపలికి పోయింది" అని ఆ మాటే చెప్పాలి. చిన్న దెబ్బ అని చెబితే కట్టు కట్టి పంపే ప్రమాదం ఉంది. లీక్ ఎక్కడుందో చేత్తో తడిమి చూడటం కూడా ఇదే కారణంతో చేయకూడదు. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి.

ఆ ప్రెషర్ ఎక్కడిది

మడక రెండు నెలలుగా కదలలేదు. ట్రాక్టరుకు తగిలించలేదు. మరి లోపల ప్రెషర్ ఎట్లా వచ్చింది అని రైతు అడిగాడు. అందరికీ వచ్చే ప్రశ్నే ఇది.

ఏప్రిల్‌లో ట్రైలర్ పెట్టుకోవడానికి షెడ్డు ఖాళీ చేస్తూ, తెల్లారి చల్లటి పొద్దులో మడకను బయటికి మార్చి అక్కడే విప్పారట. ఆ సమయానికి ఆయిల్ చల్లగా ఉంది, పైపులు, సిలిండరు నిండుగా ఉన్నాయి. కప్లర్ విప్పగానే రెండు వైపులా వాల్వులు మూసుకుంటాయి, లోపల ఆయిల్ బందీ. మే నెలలో తిరుపతి, రేణిగుంట వైపు 42, 43 డిగ్రీలు పడే ఎండలు మనకు కొత్త కాదు. నల్ల రబ్బరు పైపు, ఎర్ర పెయింటు సిలిండరు ఎండలో పడి ఉంటే గాలి కంటే ఎంతో ఎక్కువ వేడెక్కుతాయి. ఆయిల్ వేడికి వ్యాకోచిస్తుంది, పోయే చోటు లేదు. బిగుతైన ఉక్కు పాత్రలో హైడ్రాలిక్ ఆయిల్ ఒక డిగ్రీ వేడెక్కితే ప్రెషర్ సుమారు 10 బార్ పెరుగుతుంది. పైపు కొంత సాగుతుంది కాబట్టి మనకు అంత రాదు, మూడో వంతే వచ్చిందనుకున్నా 30 డిగ్రీల తేడాకు 100 బార్.

పాపెట్ కూర్చునే సీటు 12 మిల్లీమీటర్ల వ్యాసం అనుకుంటే వైశాల్యం 1.13 చదరపు సెంటీమీటర్లు. 100 బార్ అంటే దాని వెనక 115 కిలోల బరువు నెడుతున్నట్టు. బొటనవేలితో ఎవరికి సాధ్యం? అరచేత్తో తోసి తోసి, దూరకపోతే సుత్తి అందుకుంటారు. కప్లర్ దూరడం లేదంటే తొంభై పాళ్లు లోపల ప్రెషర్ ఉందనే. అది చెబుతున్న మాట వినాలి. దూరని కప్లర్‌ను కొట్టడమంటే నిండు ప్రెషర్ బుడ్డిని మొహం ముందు పెట్టుకుని పగలగొట్టడమే.

ఆ రోజు వాళ్లు తగిలించింది కూడా మిట్టమధ్యాహ్నం. అదే మడకను తెల్లారి ఐదున్నరకు తగిలించి ఉంటే చాలావరకు చేత్తోనే దూరేది. మధ్యాహ్నమే తప్పదంటే తడి గోనెపట్టా పైపుల మీద, సిలిండరు మీద కప్పి కాసేపు ఆగితే ప్రెషర్ దిగుతుంది. ఇందులో ఖర్చు లేదు, అపాయం లేదు. ఆగడమే కష్టం, పదును ఆరిపోతుందన్న ఆత్రంలో.

అప్పటికీ దూరకపోతే స్క్రూ తిప్పి పాపెట్‌ను నెమ్మదిగా నొక్కే బ్లీడర్ దొరుకుతుంది, అది కప్లర్‌కే పట్టుకుంటుంది కాబట్టి ఆయిల్ చిమ్మదు. అదీ లేకపోతే సిలిండరు దగ్గర పైపు నట్టును, మీద మందపాటి గుడ్డ చుట్టి, కళ్లద్దాలు పెట్టుకుని, మొహం పక్కకు ఉంచి, పావు తిప్పు మాత్రమే వదులు చేయాలి. గుడ్డ తడిసే దాకా ఆగాలి. పూర్తిగా విప్పేయకూడదు. మడక నేల మీద ఆని ఉంటేనే ఈ పని. సిలిండరు పట్టుకుని నిలబెట్టిన బరువు ఏదైనా ఉంటే ఆ నట్టు ముట్టుకోవద్దు.

తగిలించడం, విప్పడం

విప్పేటప్పుడు చేసే పనే తర్వాత తగిలించేటప్పుడు కాపాడుతుంది. పని అయ్యాక మడకను నేలకు దించి స్టాండు మీద నిలబెట్టాలి. ఇంజిన్ ఆపాలి. ఆపాక లీవరును రెండు పక్కలా నాలుగైదు సార్లు ఆడించాలి, ఫ్లోట్ (ఆయిల్ రెండు వైపులా అడ్డు లేకుండా పోయే లీవరు స్థానం) ఉంటే అందులో కాసేపు ఉంచాలి. పైపుల్లో, ట్రాక్టరు వైపు నిలిచిన ప్రెషర్ అప్పుడు ట్యాంకులోకి పోతుంది. కరెంటుతో నడిచే వాల్వులున్న బండ్లలో తాళం ఆన్‌లో ఉంటేనే లీవరు పనిచేస్తుంది, అది గుర్తుంచుకోవాలి. ఆ తర్వాతే కప్లర్ విప్పాలి. ఇంకో మాట, పని ముగించి ఆయిల్ ఇంకా వేడిగా ఉన్నప్పుడు విప్పడం మంచిది. లోపల మిగిలింది తర్వాత చల్లబడి ముడుచుకుంటుంది, మళ్లీ ఎండకు వ్యాకోచించినా దానికి జాగా ఉంటుంది. ఈ మడకకు జరిగింది దీనికి సరిగ్గా తిరగవేసిన పని. చల్లటి పొద్దున విప్పి, మండుటెండలో తగిలించారు.

తగిలించేటప్పుడు ఇంజిన్ ఆపి లీవరు ఆడించాక, మేల్ మూతి, ఫీమేల్ గొంతు రెండూ శుభ్రమైన గుడ్డతో తుడవాలి. మన ఎర్రమట్టిలో ఇసుక రేణువులు నిండుగా ఉంటాయి. స్పూల్ వాల్వు లోపల సందు కొన్ని మైక్రాన్లే, వెంట్రుక మందంలో పదో వంతు కూడా అందులో పట్టడం కష్టం. ఇక్కడి ట్రాక్టర్లు చాలావాటిలో గేరుబాక్సుకూ హైడ్రాలిక్‌కూ ఆయిల్ ఒకటే. బాడుగకు తెచ్చిన మడకలోని మురికి ఆయిల్ మన గేరుబాక్సులోకి వస్తుంది. బాడుగ పనిముట్టు తగిలించే ముందు పాపెట్‌ను చెక్కపుల్లతో నొక్కి, వచ్చే ఆయిల్ రంగు చూడమని నన్ను అడిగిన వాళ్లందరికీ చెబుతాను. పాలలా తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయి, తగిలించవద్దు. పుల్లతో నొక్కితే నొక్కుకోకపోతే ప్రెషర్ ఉంది, అప్పుడు పై పద్ధతే.

ఫీమేల్ మీది కాలరు (జరిగే రింగు) వెనక్కి లాగే రకమైతే లాగి, దూర్చి, వదలాలి. కాలరు పూర్తిగా ముందుకు రాకపోతే మేల్‌ను పట్టి ఉంచే ఉక్కు బంతుల దగ్గర మట్టి ఉంది, కడిగి మళ్లీ దూర్చాలి. బ్రాకెట్‌లో బిగించిన రకమైతే నేరుగా తోస్తే చాలు. రెండింటిలోనూ దూరాక పైపు పట్టి ఒకసారి గట్టిగా లాగి చూడాలి. చాచుకునే పైపు రెండు కొసల దగ్గరా ఎర్ర పెయింటు పూయించాను, ట్రాక్టరు పోర్టు మీద కూడా. ఇకనుంచి ఏ పైపు ఏ పోర్టుకో ఎవరు తగిలించినా తెలుస్తుంది.

కొత్త మేల్ కప్లర్ కొనేటప్పుడు పాతది తీసుకుపోవాలి. అర అంగుళం వ్యవసాయ కప్లర్లు ఎక్కువగా ఐ.ఎస్.ఓ. 7241 ప్రమాణంలోని ఏ సిరీస్‌వి. అదే ప్రమాణంలో బి సిరీస్ చూడటానికి దగ్గరగా ఉంటుంది కానీ ఏ ఫీమేల్‌లో కూర్చోదు. లోడర్ల మీద వచ్చే చదును మూతి కప్లర్ ఐ.ఎస్.ఓ. 16028, అది పూర్తిగా వేరు. మర కూడా చూసుకోవాలి, బి.ఎస్.పి. (బ్రిటిష్ పైపు మర)లో మెట్రిక్ మర బిగిస్తే రెండు చుట్లు ఎక్కి మర చెడిపోతుంది. మరకు తెల్ల టేపు చుట్టవద్దు, దాని పీచులు తెగి వాల్వులోకి పోతాయి. డౌటీ వాచరు (లోపలి అంచుకు రబ్బరు అతికిన ఇనుప వాచరు) వేసి బిగిస్తే చాలు.

తర్వాత

ఆ సాయంత్రమే వాళ్లు మిగతా చేను దున్నారు. కొత్త మేల్ కప్లర్ ధర వందల్లో. విరిగిన గైడు ముక్కలు ఆయిల్‌లోకి పోయి ఉంటాయన్న భయంతో పైపును రెండు వైపులా విప్పి కడిగించాను, ట్రాక్టరు హైడ్రాలిక్ ఫిల్టరు తీసి చూశాను. ఒక ముక్క పైపులోనే దొరికింది, ఫిల్టరులో లోహం లేదు. సిలిండరు సీళ్లు బాగున్నాయి, మడకను లేపి అరగంట ఉంచినా రాడ్డు జారలేదు.

పైపులు నేల మీద పడకుండా ఫ్రేముకు రెండు కొక్కేలు వెల్డింగు చేయించాం, కప్లర్లకు రబ్బరు మూతలు గొలుసుతో కట్టించాం. మడక ఇప్పుడు చింతచెట్టు కింద నీడలో ఉంటోంది. ఇంకా ఒక పని మిగిలింది. ట్రాక్టరు రెండో పోర్టు ఫీమేల్‌లో ఓ-రింగు గట్టిపడి చుక్క చుక్కగా కారుతోంది, సుత్తి దెబ్బకు లేచిన అంచులే దాన్ని గీరి ఉంటాయి. అదే పోర్టు మీద ట్రైలర్ జాకీ కూడా నడుస్తుంది కాబట్టి, వేరుశనగ పీకి తోలుకునే లోపు ఆ ఓ-రింగు, దాని వెనకుండే బ్యాకప్ రింగు రెండూ మార్చాలని రైతుతో ఒప్పించి వచ్చాను.